ఎకరం 177 కోట్లు, మట్టి సంచి 190!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ గేటు తెరవకముందే లైను కడతది. మనుషుల లైను కాదు, బ్యాగుల లైను. బ్యాగులు గేటు ముందట, మనుషులు చాయ్ బండి కాడ. అశోక్‌నగర్ సందుల్లో ఒక్కో గదికి నలుగురు, నారాయణగూడ మెస్సుల్లో నెల కార్డులు, కరెంటు స్తంభానికో కోచింగ్ పోస్టరు. రాత్రి పన్నెండు దాటినా ఏదో ఒక గదిలోంచి చదువుతున్న గొంతు వినబడుతనే ఉంటది. తెలంగాణలో ఎర్ర నేలలు సగం దాకా, నల్లరేగడి పావు వంతు, జహీరాబాద్ దిక్కు జేగురు నేలలు. చెల్కలో నీళ్లు నిలువవు, రేగడిలో తొందరగా ఇంకవు. గ్రూప్-2 కోసమో, గ్రూప్-4 కోసమో, ఏఈవో కోసమో, బట్టీ పట్టేది మాత్రం ఆ మట్టినే. ఊర్లో తండ్రి కాలితో తొక్కి చెప్పే ముచ్చటను కొడుకు పట్నం వచ్చి, గదికి కిరాయి కట్టి, గైడు పుస్తకంలో చదువుకోవాలె. ఇదీ మన చదువు.

ఈ గదుల్లోంచి కొందరు ఎండాకాలం రాంగనే కనబడకుండ పోతరు. కొందరు ఊరికి, వడ్ల కాంటా కాడికి. కొందరు మట్టికి. మా దిక్కు 'మట్టికి పోయిండు' అంటే సావుకు పోయిండని అర్థం. 2016 ఎండాకాలం మా గదిలోంచి ముగ్గురం మట్టికి పోయినం అంటే పక్క గదోళ్లు ఎవరు పోయిండ్రని అడిగిండ్రు. ఎవరూ పోలేదు, భూసార పరీక్షకు మట్టి నమూనాలు తీసే పనికి పోతున్నం అని చెప్పినం. ముగ్గురికీ డిగ్రీలున్నయి. ముగ్గురం 2009 డిసెంబర్‌లో లాఠీదెబ్బలు తిన్నోళ్లమే, 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద ఉన్నోళ్లమే. రాష్ట్రం వచ్చి రెండేండ్లు అయితున్నది. నోటిఫికేషన్ల కోసం చూస్తున్నం. ఈలోపల రెండు నెలల పని, అందుట్లో సర్కారు పని అన్నరు. సర్కారు పని అనే మాటకు మనం ఎట్లా పడిపోతమో నేను చెప్పాల్నా?

పోయినంక తెలిసింది, పని సర్కారుదే, మేం మాత్రం సర్కారోళ్లం కాదు. నడుమ ఒక ఏజెన్సీ. ఏజెన్సీ కింద ఒక సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ కింద మేము. నియామక పత్రం లేదు, గుర్తింపు కార్డు లేదు. నెల జీతం లేదు, సంచుల లెక్కన పైసలు. పెట్రోలు మాది, ఫోను మాది, ఎండదెబ్బ తగిలితే మందుగోలీ మాది.

పని ఏందో చెప్త. తెల్వనోళ్లకు ఇది మట్టి తవ్వుడే అనిపిస్తది. రబీ కోతలు అయినంక, వానాకాలం దుక్కులకు ముందు, పొలంలో పంట లేని దినాల్లోనే నమూనా తియ్యాలె. మడికి నాలుగు మూలలు, నడుమ ఒకటి. పైన గడ్డి, ఆకులు తీసేసి 'వి' ఆకారంలో ఆరు అంగుళాల లోతు దాకా గుంత తవ్వాలె. గుంత పక్క గోడ నుంచి పైనించి కింద దాకా పలచగా ఒక పొర చెక్కాలె. అన్నిటినీ ఒక బట్ట మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారబోసి, మళ్ల కలిపి, మళ్ల పారబోసి, చివరికి అర్ధకిలో మిగల్చాలె. నీడకు ఆరబెట్టాలె. గెట్ల మీద తియ్యొద్దు, చెట్టు కింద తియ్యొద్దు, పెంటకుప్ప కాడ తియ్యొద్దు, కాలువ పొంట తియ్యొద్దు. ఎరువుల సంచిలో నింపొద్దు, నింపితే ఆ ఎరువే పరీక్షలో బయటపడతది. సూక్ష్మపోషకాలు చూడాలంటే తుప్పు పట్టిన ఇనుప పార వాడొద్దు. చీటీ రెండు రాయాలె, సంచి లోపల ఒకటి, బయట ఒకటి. జీపీఎస్ పాయింటు కొట్టాలె. రైతు పేరు, సర్వే నంబరు, పోయిన పంట, వెయ్యబోయే పంట అడిగి రాసుకోవాలె. మనసు పెట్టి చేస్తే ఒక్కో సంచికి గంట పడతది. ఇంకో మడికి నడిచిపోయే వేళ దానికి అదనం.

ఇప్పుడు సంచుల లెక్కన పైసలిస్తే మనిషి ఏం చేస్తడు? మేం ఏం చేసినమో అదే చేస్తడు. మొదటి వారం ఐదు గుంతలు తవ్వినం. రెండో వారం రెండు తవ్వినం. మూడో వారం ఫోను పట్టుకొని మడి చుట్టు తిరిగి పాయింట్లు కొట్టినం, గుంత మాత్రం చెట్టు నీడన ఒక్కటే తవ్వి మూడు సంచులు నింపినం. నీడన తియ్యొద్దని పుస్తకంలో రాసి ఉన్నది, నలభై మూడు డిగ్రీల ఎండలో నీడ వదలొద్దని పాణం చెప్పింది. సూపర్‌వైజర్‌కు తెల్వదా? తెలుసు. ఆయనకు కావాల్సింది లెక్క. ఆయన పైనోనికీ లెక్కనే. ఆ లెక్క హైదరాబాద్ పోయింది, ఢిల్లీ పోయింది, పార్లమెంటులో కోట్ల సంఖ్యగా చదివిండ్రు. నేను నింపిన తప్పుడు సంచులు కూడ ఆ కోట్లల్ల ఉన్నయి. సిగ్గుతోనే రాస్తున్న.

లెక్క ముచ్చట వచ్చింది కాబట్టి అసలు పథకం చూద్దాం. భూసార కార్డుల పథకాన్ని ప్రధాని మోదీ 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలుపెట్టిండు. పన్నెండు పరీక్షలు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. మొదటి విడత 2015-17లో దేశమంతటా రెండున్నర కోట్ల నమూనాలు తీసి పది కోట్లకు పైగా కార్డులు పంచినమని కేంద్రం చెప్పుకున్నది. నమూనాలు రెండున్నర కోట్లు, కార్డులు పది కోట్లు ఎట్లయినయి? నీటి వసతి ఉన్న కాడ రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వానాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా అని రూలు పెట్టిండ్రు. పది హెక్టార్లంటే ఇరవై ఐదు ఎకరాలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు. అంటే పది మంది రైతులకు ఒకటే సంచి, ఒకటే ఫలితం, పది కార్డులు.

మన భూములు పంజాబ్ లెక్క చాప పరిచినట్టు ఉండయి. మిట్ట మీద ఎర్ర చెల్క, నడుమ దుబ్బ, పల్లంలో నల్లరేగడి. పావు కిలోమీటరు నడిస్తే మూడు రకాల మట్టి కాలికి తగులుతది. ఇరవై ఐదు ఎకరాల గడిలో ఏ మూల తవ్వినవు అన్నదాని మీద పది కుటుంబాల ఎరువుల ఖర్చు ఆధారపడతది. మరి ఆ మూల నిర్ణయించే మనిషి ఎవరు? అశోక్‌నగర్ గదికి కిరాయి కట్టలేక సంచుల లెక్కన పనికొచ్చిన పోరడు!

అయ్యా, ఇది ఏజెన్సీ చేసిన మోసం అని తప్పించుకోవద్దు. పథకం రాతలోనే ఉన్నది. నమూనాలు వ్యవసాయ శాఖ సిబ్బంది తియ్యొచ్చు, లేదా ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ సిబ్బంది తియ్యొచ్చు, స్థానిక వ్యవసాయ, సైన్సు కాలేజీల విద్యార్థులను కూడ పెట్టుకోవచ్చు అని కేంద్రమే రాసింది. నమూనాకు అప్పుడు ఇచ్చిన పైసలు ఎన్ని? 190 రూపాయలు. ఇందులోనే మట్టి తియ్యాలె, ల్యాబుకు చేర్చాలె, రసాయనాలు కొనాలె, పన్నెండు పరీక్షలు చెయ్యాలె, కార్డు ముద్రించి రైతు చేతిల పెట్టాలె. 2016-17లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 194 రూపాయలు. ఒక కూలి దినం కన్న నాలుగు రూపాయలు తక్కువకు ఢిల్లీ సర్కారు మట్టి జాతకం మొత్తం రాసియ్యమన్నది. అందుట్లోంచి ఏజెన్సీ వాటా పోంగ మట్టి మోసినోనికి మిగిలేదెంతో మీరే లెక్క కట్టుకోండి.

ఇప్పుడు అసలు ముచ్చట. పని సీజన్‌దే. ఒప్పుకుంట. పంట లేని దినాల్లోనే మట్టి తియ్యాలె. కాని ఆ సీజన్ ప్రతి ఏడు వస్తది, ఏడాదికి రెండుసార్లు వస్తది, భూమి ఉన్నన్ని దినాలు వస్తది. సూర్యుడు కూడ పగటిపూటనే వస్తడు, అట్లని ఆయనను టెంపరరీ అనరు కదా! తీసిన మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి, పరీక్ష చేసి, ఫలితం పట్టుకొని మళ్ల ఆ రైతు ఇంటికి పోయి, ఈ చెల్కకు డీఏపీ తగ్గించు, జింకు వెయ్యి అని చెప్పేసరికి ఇంకో సీజన్ దగ్గరపడతది. పని పన్నెండు నెలలది, మనిషిని రెండు నెలలకే పిలుస్తున్నరు. తవ్వినోడు ఫలితం చూడడు. పరీక్ష చేసినోడు భూమి చూడడు. కార్డు పంచినోడు రెండూ చూడడు.

ఔట్‌సోర్సింగ్ అనే మాటలో ఇంకో కత్తి దాగి ఉన్నది. తెలంగాణవాదులు దాన్ని గుర్తుపట్టాలె. మన కొట్లాట ఎక్కడ మొదలైంది? కొలువుల కాడనే. 1956 పెద్దమనుషుల ఒప్పందం తుంగల తొక్కితే 1969లో విద్యార్థులు పాణాలిచ్చిండ్రు. ముల్కీ పోయింది, ఆరు సూత్రాలు వచ్చినయి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. ఆ ఉత్తర్వులను కూడ తొక్కి 58,962 మంది నాన్‌లోకల్స్‌ను మన కొలువుల్లో కూచోబెట్టిండ్రని జయభారత్‌రెడ్డి కమిటీ తేల్చింది. అందుకే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అది అమలు కాలేదని గిర్‌గ్లానీ కమిషన్ వేయించుకున్నం. రాష్ట్రం వచ్చినంక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు తెచ్చుకున్నం, 95 శాతం కొలువులు లోకల్ అన్నరు. సంబురపడ్డం. కాని సంచుల లెక్కన తీసుకునే పనికి జోన్ ఏది? రోస్టర్ ఏది? రిజర్వేషన్ ఏది? ఏ పోస్టును ఔట్‌సోర్సింగ్ అన్నరో ఆ పోస్టు కాడికి రాష్ట్రపతి ఉత్తర్వులు రానే రావు. యాభై ఏండ్లు కొట్లాడి సాధించుకున్న లోకల్ హక్కును ఒక్క టెండర్ కాయితం మాయం చేసింది. సీమాంధ్ర పాలకులు దొంగచాటుగ చేసిన పని మన పాలకులు టెండర్ పిలిచి బాజాప్త చేస్తున్నరు.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. మూడో మాటకు ఏమైందో బిస్వాల్ కమిషన్ చెప్పింది. 2020 చివర ఇచ్చిన పీఆర్సీ నివేదికలో మంజూరైన పోస్టులు 4,91,304, ఖాళీలు 1,91,126 అని లెక్క తేల్చింది. కేసీఆర్ 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 కొలువులు అని ప్రకటించిండు. 2022 అక్టోబర్‌లో పెట్టిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది, జూన్‌లో మళ్ల పెడితే హైకోర్టు కొట్టేసింది. కాంగ్రెసోళ్లు ఎన్నికల ముందు లైబ్రరీకొచ్చి, ఏడాదిలో రెండు లక్షల కొలువులని మాటిచ్చిండ్రు. 2024 అక్టోబర్‌లో జీవో 29 మీద అదే అశోక్‌నగర్ చౌరస్తాలో పిల్లలు రోడ్డు మీదికొస్తే లాఠీలతో మాట్లాడిండ్రు. ఒకరు పదేండ్లు కొలువులను తాళం వేసి పెట్టిండ్రు, ఇంకొకరు తాళంచెవి చూపెట్టి ఓట్లు తీసుకున్నరు.

ఎవుసం దిక్కు చూస్తే ఈ కథ ఇంకా పాతది. 2007లో వైఎస్ ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనంతో ఆదర్శ రైతులను పెట్టింది. 2014లో తీసేసిండ్రు. వాళ్లలో పార్టీ కార్యకర్తలు లేరని నేను అనను, కాని వాళ్లు చెయ్యాల్సిన పని మాయం కాలేదు కదా, మనుషులు మాత్రమే మాయమైండ్రు. తర్వాత ఐదు వేల ఎకరాలకో క్లస్టర్, క్లస్టర్‌కో ఏఈవో అన్నరు, 2,601 రైతు వేదికలు కట్టిండ్రు. మంచిదే. కాని ఆ ఏఈవో ఏం చెయ్యాల్సి వచ్చింది? రైతుబంధు, రైతుబీమా, పంటల నమోదు, వడ్ల కొనుగోలు, యూరియా పంపిణీ. ఐదు వేల ఎకరాల మట్టి ఎప్పుడు తవ్వాలె? 2024 అక్టోబర్‌లో డిజిటల్ పంటల సర్వే మావల్ల కాదు, సహాయకులనియ్యండి అని అడిగితే ఏఈవోలను గంపగుత్తగ సస్పెండ్ చేసిండ్రు. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ల సంగతి తెలిసిందే. కందకాలు, చెరువు పూడిక, హరితహారం గుంతలు, అన్నీ వాళ్ల చేతుల మీదనే నడిచినయి. 2020 మార్చిలో సమ్మె చేసిండ్రని ఏడు వేల పైచిలుకు మందిని ఒక్క దెబ్బకు తీసేసిండ్రు, 2022లో మళ్ల తీసుకున్నరు. ఆ రెండేండ్లు వాళ్ల పిల్లలేం తిన్నరని అడిగినోడు లేడు. 2025లో భూములు కొలిచేటందుకు లైసెన్స్‌డ్ సర్వేయర్లన్నరు. శిక్షణిచ్చి, లైసెన్సిచ్చిండ్రు. కొలువు మాత్రం కాదు. కొలిస్తే పైసలు, లేకుంటే లేదు. మా సంచుల లెక్కనే, కొంచెం ఇస్త్రీ చేసిండ్రు.

సర్కారు భూముల ముచ్చట వేరే చెప్పాలె. భూసార కార్డు రైతు పేరు మీద వస్తది. పట్టా ఉన్నోనికి కార్డు. మరి ఎవని పేరు మీదా లేని నేల? ఊరి బంచరాయి, గైరాన్, చెరువు శిఖం, గుట్ట కింది పోరంబోకు, అడవి అంచు పోడు. మేం తిరిగిన ఊర్లల్ల ఇవి వచ్చినప్పుడు సూపర్‌వైజర్ ముందుకు నడువుండ్రి అనేటోడు, దానికి సంచి లేదు. ఊరి పశువులు మేసేది అదే, మొక్కలు నాటేది అందుట్లోనే, పేదోనికి అసైన్ చేసేది అదే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనంక రైతులు ట్రాక్టర్లు పెట్టి చెరువు మట్టిని చెల్కలకు తోలుకున్నరు. కాకతీయుల కాలం నుంచి మన తాతలు చేసిన పనే. ఏ చెరువు మట్టిలో ఎంత సారమున్నదో, ఏ చెల్కకు ఎన్ని ట్రిప్పులు సరిపోతయో చెప్పేటందుకు ఊర్లో ఒక మనిషి ఉంటే ఎంత ఫాయిదా అయ్యేది! హరితహారం మొక్కలు ఎన్ని నాటినమో పేపర్లల్ల వచ్చింది. ఆ గుంతల్లో ఎట్లాంటి మట్టి ఉన్నదో ఎక్కడన్న వచ్చిందా?

సర్కారుకు సర్కారు భూమి విలువ తెల్వదని అనుకోవద్దు, మస్తు తెలుసు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. పార్టీలు మారినయి, వేలంపాట మారలేదు. 2024లో రాజేంద్రనగర్‌లో జయశంకర్ సారు పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమి వంద ఎకరాలు హైకోర్టు భవనాలకు రాసిచ్చిండ్రు. హైకోర్టు వద్దని ఎవరన్నరు? మట్టి చదువు చెప్పే బడి భూమే దొరికిందా అని విద్యార్థులు అడిగిండ్రు. 2025 మార్చి ఆఖర్ల కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి రాత్రికి రాత్రి బుల్‌డోజర్లు తోలితే సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం నిలబడ్డరు, సుప్రీంకోర్టు ఆపింది. ఒకే సర్కారు, ఒకే నేల. అమ్మినప్పుడు ఎకరం 177 కోట్లు, పరీక్ష చేసినప్పుడు సంచికి 190.

అమెరికాలో సీజన్ పని లేదా అని ఒక మిత్రుడు అడిగిండు. ఉన్నది. అక్కడ ఒక్క భూ నిర్వహణ సంస్థ చేతిలోనే ఇరవై నాలుగున్నర కోట్ల ఎకరాల సర్కారు భూమి ఉన్నది. ప్రతి ఎండాకాలం డిగ్రీ పిల్లలు డేరాలు వేసుకొని ఆ కొండల్లో, ఎడారుల్లో మట్టి గుంతలు తవ్వి, గడ్డి లెక్కబెట్టి, చలికాలానికి ఇంటికి పోతరు. అక్కడ కూడ వాళ్ల బతుకు గాలిల దీపమే. 2024 సెప్టెంబర్‌లో అక్కడి అటవీ శాఖ వచ్చే ఏడాదికి, మంటలార్పేటోళ్లను తప్ప సీజన్ మనుషులను తీసుకోం అన్నది. 2025 ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్నోళ్లను వేలల్ల తీసేసిండ్రు. దొర ఏ దేశంలోనైనా దొరనే. కాని ఒక్క తేడా చూడాలె. ఆ దేశం 1899 నుంచి తన మట్టిని సర్వే చేసి రాసుకుంటున్నది. ఎవనికీ పట్టా లేని నేలను కూడ సర్వే చేస్తున్నది. మనం 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేసినం, 2020లో ధరణి తెచ్చినం, 2025లో దాన్ని తీసి భూభారతి పెట్టినం. ఎవని భూమి అన్నది మూడుసార్లు రాసినం. ఏం భూమి అన్నది ఒక్కసారి కూడ సక్కగ రాయలేదు.

దీని ఫలితం ఎట్లున్నదో 2025 వానాకాలం చూసినం. సొసైటీల ముందట యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టి రైతులు తెల్లందాకా కూచున్నరు. కేంద్రం ఇయ్యలేదని రాష్ట్రం, ఇచ్చినమని కేంద్రం లొల్లి పెట్టుకున్నయి. రెండు దిక్కుల మాటలల్ల ఒక్క మాట వినబడలేదు: ఆ చెప్పులు పెట్టిన రైతు చెల్కకు ఎంత యూరియా కావాలె? దేశంలో ఎకరానికి ఎక్కువ ఎరువు గుమ్మరించే రాష్ట్రాల్లో మనది ఒకటి. రైతుకు తెల్వక కాదు, చెప్పే మనిషి లేక. చెప్పాల్సిన మనిషి అశోక్‌నగర్‌లో నేలల రకాలు బట్టీ పడుతున్నడు.

ఉద్యోగ సంఘాల పెద్దలకు ఒక మాట. మీతో కొట్లాట లేదు. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 దినాలు సకల జనుల సమ్మె చేసినప్పుడు మీ ఆఫీసుల ముందట దరి వేసి కూచున్నది మేమే, జీతం రాని దినాల్లో మీతో పాటు పులిహోర పొట్లం తిన్నది మేమే. పీఆర్సీ కోసం, డీఏ కోసం మీరు సెక్రటేరియట్ మెట్లెక్కినప్పుడు మీ జాబితాలో ఔట్‌సోర్సింగ్ పేరు చివరి పేజీలో ఉంటది, చర్చ మొదటి పేజీ కాడనే అయిపోతది. మీ పక్క సీట్లో అదే ఫైలు రాసే పోరనికి ఏజెన్సీ ఎన్ని నెలల జీతం ఆపిందో ఒక్కసారి అడిగి చూడుండ్రి. రేపు మీరు రిటైరైతే మీ సీటును కూడ టెండర్‌లో పెడతరు.

అడిగేది ఏందంటే: తెలంగాణలో మండలాలు ఆరు వందల పైచిలుకు. మండలానికి ఇద్దరు మట్టి పని మనుషులను పర్మినెంట్‌గా తియ్యాలె. సర్వీస్ కమిషన్ ద్వారానే, రోస్టర్‌తోనే, లోకల్ నిబంధనతోనే. ఎండాకాలం మట్టి తియ్యాలె, వానాకాలం ఫలితం పట్టుకొని మడిలోకి పోవాలె, మిగిలిన దినాల్లో బంచరాయి, శిఖం, పోడు భూముల పటం రాయాలె. ఎన్ని కొలువులు? 1,200. నెలకు 30 వేల చొప్పున ఏడాదికి 43 కోట్ల 20 లక్షలు. రాయదుర్గంలో అమ్మిన ఒక్క ఎకరం పైసలతో నాలుగేండ్లు జీతాలియ్యొచ్చు. పైసలు లేవనే మాట ఇంక ఎవరూ చెప్పొద్దు. ఇప్పటి దాకా సీజన్లల్ల తిరిగినోళ్లకు ఆ నియామకాల్లో వెయిటేజీ ఇయ్యాలె, వాళ్లకు రావాల్సిన పాత బాకీలు ఏజెన్సీల డిపాజిట్లలోంచి ఇప్పించాలె. మా ముగ్గురికీ ఆఖరి వారం సంచుల పైసలు ఇప్పటికీ రాలేదు. నాకు పోయింది పెద్ద మొత్తం కాదు. అందుట్లో ఒకడు ఆ పైసలను నమ్ముకొని అక్కకు ఆపరేషన్ తారీఖు పెట్టుకున్నడు.

ఇంకో బాకీ ఉన్నది, అది నాది. ఆ ఎండాకాలం ఒక ఊర్లో ఒక అవ్వ మా వెంట చెల్క దాకా నడిచొచ్చింది. రెండెకరాలు, పత్తి. కుండలో నీళ్లు తెచ్చి పోసింది. "బిడ్డా, మా పత్తాకు ఏటేటా ఎర్రబడుతున్నది, ఈ మట్టి చూస్తే తెలుస్తదా?" అని అడిగింది. తెలుస్తదవ్వా అన్న. పత్తాకు ఎర్రబారుడుకు ఎక్కువసార్లు మెగ్నీషియం లోపమే కారణమని తర్వాత చదువుకున్న. కార్డులోని పన్నెండు పరీక్షల్లో మెగ్నీషియం లేనే లేదు. అదొక్కటే అయితే తప్పు పథకంది అందును. ఆ దినం మా లెక్కకు నాలుగు సంచులు తక్కువ పడ్డయి. ఆమె చెల్క గడి మూలకు ఉండె, ఎండ నెత్తికెక్కింది. ఆమె పేరు, సర్వే నంబరు సక్కగ రాసి, కింద పల్లంలో చింతచెట్టు కాడి రేగడి మట్టి నింపిన. ఆమె చేతికి కార్డు వచ్చే ఉంటది. దాంట్లో ఉన్నది వేరేటోళ్ల భూమి.